మూడో తొట్టిలో వేడి

మా వదినకు నేనంటే ఎంత నమ్మకమంటే, నేను రాసిన అంకెను రెండోసారి చూడదు. ఆ నమ్మకమే నా కొంప ముంచింది. కాదు, నా కొంప నేనే ముంచుకున్నాను. మధ్యలో ఆవిడనెందుకు అనాలి?

సముద్రం ఒడ్డున పగడాలు పెంచే షెడ్డు మాది. వదిన దానికి పెద్ద. అన్నయ్య నీళ్ల అడుక్కి దిగి వాటిని నాటేవాడు. తొట్లు చూసుకునేది నేను. నిరుడు నీళ్లు వేడెక్కి, ఎదురుగా ఉన్న పగడపు దిబ్బంతా తెల్లబడిపోయింది. పగడానికి రంగు పోయిందంటే తిండి పోయినట్టే, కొన్ని వారాల్లో చస్తుంది. మిగిలిన నాలుగు పగడాల నుంచి తలా ఇరవై ముక్కలు తెచ్చి, ఒక్కో పగడానివి ఒక్కో తొట్టిలో పెట్టాం. ఈ ఏడు వేడి రాకముందే వాటిలో ఏది తట్టుకుంటుందో తేల్చి, దాన్నే నాటాలి. అందుకు పది రోజులపాటు తొట్టి నీళ్లను రోజుకు అర డిగ్రీ చొప్పున వేడి చేయాలి. చేసేది నేనే.

మూడో తొట్టి మీద నాకు మొదటి నుంచీ పక్షపాతం. అందులో పగడం వచ్చినప్పుడే సగం చచ్చి ఉంది. పళ్లు తోముకునే బ్రష్‌తో రోజూ నాచు గీకి బతికించాను. “నీ కూతురికి జడ వెయ్యడానికి తీరిక లేదుగానీ, దీనికి మాత్రం పళ్లు తోముతావే!” అని వదిన ఏడిపించేది.

ఆరో రోజు దాని అంచులు పాలిపోయాయి. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. హీటరు మీట వెనక్కి తిప్పేసి, పుస్తకంలో మాత్రం ఆ రోజు ఉండాల్సిన అంకె వేశాను. ఈ ఒక్క రోజుకే అనుకున్నాను. చివరిదాకా అదే చేశాను.

పదో రోజుకు రెండు, నాలుగు తొట్లు సున్నం కొట్టినట్టున్నాయి. ఒకటో తొట్టి బాగా పాలిపోయినా రంగు పూర్తిగా వదల్లేదు. మూడోది నిగనిగలాడుతోంది. వదిన నన్ను వాటేసుకుంది.

“నీ పిల్ల గెలిచిందే! రేపు దీన్నే నాటేద్దాం. మిగతావి పారేసి, బ్లీచింగ్ నీళ్లతో తొట్లు కడిగెయ్.”

సరేనన్నాను.

రెండు, నాలుగు కడిగాను. బకెట్ పట్టుకుని ఒకటో తొట్టి ముందు నిలబడ్డాను. పక్క గదిలో వదిన మూడో తొట్టి పగడాన్ని కటింగ్ ప్లేయరుతో చిన్న ముక్కలు చేస్తోంది. టక్, టక్. చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను. ఆ ముక్కలన్నీ రెండు నెలల్లో తెల్లబడి చస్తాయి. బతకగలిగిన ఒక్కదాన్నీ నా చేత్తో నేను చంపబోతున్నాను. తప్పంతా ఎండ మీదకు పోతుంది. నన్నెవరూ ఒక్క మాట కూడా అనరు. అది తలచుకుంటేనే ఎక్కువ భయం వేసింది.

బకెట్‌తోనే పక్క గది గుమ్మంలోకి వెళ్లాను.

“వదినా, కత్తిరించకు.”

“ఏంటలా వణుకుతున్నావు? టిఫిన్ తిన్నావా?”

“మూడో తొట్టికి వేడి పెట్టలేదు. ఆరో రోజు నుంచి నేను రాసిందంతా అబద్ధం.”

నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయింది.

“ఒకటో తొట్టి?”

“ఉంది.”

“బ్లీచింగ్ పోశావా?”

“లేదు. బకెట్ చేతిలోనే...”

మాట పూర్తి కాకుండానే పరిగెత్తింది. తొట్టిలో ముక్కల్ని చూసుకుని తడి నేల మీదే కూలబడింది.

“తిట్టు వదినా. కొట్టినా పడతాను.”

“తిట్టడానికి కూడా ఓపిక లేదు. భయంగా ఉంది నాకు. ఇంకేమైనా మార్చావా?”

“ఇంకేం లేదు.”

“ఎలా నమ్మనే?”

పుస్తకం తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

మూడో తొట్టిలోంచి నాలుగు ముక్కలు తీసి, నేను ఆపేసిన ఆరో రోజు వేడి నుంచి మొదలుపెట్టి ఈసారి ఆవిడే దగ్గరుండి పెంచింది. అంకె కూడా ఆవిడే రాసుకుంది. రెండో రోజు మధ్యాహ్నానికి నాలుగూ తెల్లబడ్డాయి. ఒకటో తొట్టిని మెల్లగా చల్లబరిచి, తేరుకునేదాకా ఆగాల్సి వచ్చింది. రెండు వారాలు పోయాయి. ఇరవైలో పదకొండే బతికాయి. ఈలోగా సముద్రం వేడెక్కడం మొదలైంది.

“ఇంకా ఆగితే అస్సలు కుదరదు. నువ్వు కూడా దిగు,” అంది వదిన పడవలో, నా వైపు చూడకుండా.

దిగాను. వీపు మీద గాలి సిలిండరు. లోపల నీళ్లు అప్పటికే గోరువెచ్చగా ఉన్నాయి. కింద దిబ్బంతా తెల్లటి కొమ్మలు, వాటి మీద బూడిదరంగు నాచు. అన్నయ్య పది ముక్కలు నాటాడు. చివరిది నా చేతిలో పెట్టాడు. రాతి మీద సిమెంటు ముద్ద పెట్టి, ముక్కను అందులో గుచ్చి, గట్టిపడేదాకా పట్టుకున్నాను. గట్టిపడింది. అయినా పట్టుకునే ఉన్నాను. ఈ వేడిలో దీన్ని వదిలేసి ఎలా వెళ్లను? పీకి, పైకి తీసుకుపోవాలని చెయ్యి లాగుతోంది.

అన్నయ్య నా మోచేతిని తట్టి పైకి చూపించాడు. నేను తల అడ్డంగా ఊపాను. మళ్లీ తట్టాడు. ఆ తర్వాత ముక్క కదలకుండా ఒక చేత్తో అదిమి, రెండో చేత్తో నా వేళ్లను ఒక్కొక్కటిగా విడదీశాడు.