చివికిపోయిందన్న చీర

కిషన్‌బాగ్‌లో దస్తగీర్ కుట్టు దుకాణంలో ఒక మిషన్, ఒక బల్ల, ఒక మనిషి పడతారు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు మెట్టు మీదే నిలబడాలి. ముప్పై ఆరేళ్లుగా అతను అక్కడే కుడుతున్నాడు. ఇన్నేళ్లలో తాను అబద్ధాలాడే మనిషినని అతనికి ఎప్పుడూ అనిపించలేదు. రేపు ఇస్తానని చెప్పి వారానికి ఇవ్వడం, జాకెట్టు బిగుతైతే "మీరే జర ఒళ్లు చేసిన్రమ్మా" అనడం, ఇవన్నీ కత్తెరలాగా, టేపులాగా పనికి కావలసిన సామాను అనుకునేవాడు.

బోనాలకు నెల ముందు ఛత్రినాక నుంచి నాగమణమ్మ వచ్చింది. పెళ్లయిన కొత్తలో ఆమె కిషన్‌బాగ్‌లోనే ఉండేది. ఇల్లు మారినా దర్జీని మార్చలేదు. సంచిలోంచి మెంతిరంగు పట్టుచీర తీసి బల్ల మీద పరిచింది.

"మా ఆయన ఎన్నడో పత్తర్‌గట్టిల కొనిచ్చిండు దస్తగీర్. నేను కట్టేది లేదు ఇగ. మా స్రవ్యకు లంగా కుట్టు. బోనాలకు కట్టుకుంటదట" అంది.

స్రవ్య ఆమె మనవరాలు. కొలతలు కాగితం మీద రాసి పంపింది.

మర్నాడు పొద్దున్న దస్తగీర్ కోసే ముందు చీరను ఇస్త్రీ చేస్తున్నాడు. పక్కన ఫోన్‌లో వీడియో నడుస్తోంది. అందులో ఒక పెద్దమనిషి చెప్పిన మాట అతనికి నచ్చింది. మళ్లీ ఒకసారి విందామని వెనక్కి జరపబోయాడు. వేలు సరిగా పడలేదు. రెండోసారి జరిపాడు. ఈలోగా వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది.

ఇస్త్రీపెట్టె లేపి చూస్తే చీర నడిమధ్యలో అరచెయ్యంత మేర నల్లగా ఉంది. పక్కనున్న జరీ కూడా మాడిపోయింది. మడత మీద చేస్తుండటంతో కింది పొరలన్నీ కాలాయి. కాలినంత మేరా చుట్టూ కత్తిరించి తీసేశాడు. మిగిలినదాంతో లంగా రాదు. ఎటు తిప్పి చూసినా జాకెట్టుకు మాత్రమే వస్తుంది. కాలిన ముక్కలను పీలికల సంచిలో అడుక్కి తోసి, నాగమణమ్మకు ఫోన్ చేశాడు.

"అమ్మా, బట్ట మొత్తం చివికిపోయింది. చెయ్యి పెడితే చినుగుతది. జాకెట్టుకు వస్తదేమో."



"పాడైన బట్ట తెచ్చి నీకు తక్లీఫ్ ఇచ్చిన. ఏమనుకోకు" అందామె.

క్షమాపణ ఆమే అడిగింది కాబట్టి దస్తగీర్‌కు ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. "ఫికర్ చెయ్యకమ్మా" అని ఫోన్ పెట్టేశాడు.

రెండు వారాలు దాటాక ఒక మధ్యాహ్నం నాగమణమ్మ కోడలు రాజమణి దుకాణానికి వచ్చింది. మెట్టు మీద నిలబడి, మిషన్ ఆగేదాకా ఎదురుచూసింది.

"చాచా, చీర ఏ పక్కకు చినిగింది?"

"నడుమల. ఎందుకు?"

"నేను బీరువల వాసన గోళీలు పెట్టక చివికిపోయిందని అత్తమ్మ నాతోని మాట్లాడుతలేదు. పదిహేను రోజులాయె. బీరువ తాళాలు గుంజుకున్నది. ఏమన్న కావాలంటే స్రవ్యతోని చెప్పిస్తది. నేను ఎదురుంగనే ఉంట, 'మీ అమ్మకు ఉప్పు తక్కువైందని చెప్పు' అంటది."

దస్తగీర్ సూదిలో దారం ఎక్కించబోయాడు. దారం అప్పటికే ఎక్కి ఉంది.

"పాత పట్టు గోళీలు పెట్టినా చివుకుతదని ఒక్క మాట చెప్పు చాచా. నువ్వు చెప్తే ఇంటది. ఫోన్‌ల చెప్పినా చాలు" అంది రాజమణి.

ఈ అబద్ధం మొదటిదాని కన్నా మంచిది. దీనివల్ల ఒక కోడలికి మేలు జరుగుతుంది, ఎవరికీ నష్టం లేదు, చెప్పమని ఆమే అడుగుతోంది. దస్తగీర్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు, నంబరు కూడా వెతికాడు. కానీ అది తన నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో ముందే తెలిసిపోయి, అతనికి ఒక రకమైన భయం వేసింది.

"రేపు నేనే వచ్చి చెప్త బేటా" అన్నాడు.

రాజమణి వెళ్లాక ఇంట్లోకి పోయాడు. ఇల్లు దుకాణం వెనకే. భార్య సుగ్రా ఎవరిదో కుర్తాకు హుక్కులు కుడుతోంది. ఎదురుగా కూర్చుని, ఇస్త్రీ సంగతంతా మొదటినుంచి చెప్పాడు. ఆమె తల ఎత్తలేదు.

"నాకెందుకు చెప్తున్నవ్? చీర నాదా?"

"నీకు ముందే తెలుసా?"

"ఇల్లంత వాసనొచ్చె. పీలికల సంచి చూసిన. నువ్వే చెప్తవని ఊకున్న." ఆమె లేచి, డబ్బాలోంచి ఒక నల్లటి ముక్క తీసి ఇచ్చింది. మడతపెట్టి దాచింది. "ఇది తీస్కపో. ఉత్త మాటలతోని చెప్తే నువ్వు కాల్చినవంటే నమ్మరు, మంచోనివని పేరున్నది నీకు."

మర్నాడు పొద్దున్నే దస్తగీర్ ఆటోలో ఛత్రినాక వెళ్లాడు. దారంతా ఎలా మొదలుపెట్టాలో అనుకున్నాడు. ఇల్లు చేరాక ఆ మొదలు పనికిరాలేదు. నాగమణమ్మ కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, ఎదురింటి సుగుణమ్మను కూడా పిలిచి చూపించింది.

"మా దస్తగీర్. బట్ట పాడైతే పాడైందని మొకం మీద చెప్పిండు. వేరేటోడైతే ఎట్లనో గట్ల కుట్టిచ్చి పంపుతుండె. గిసొంటోళ్లు ఇప్పుడు లేరు."

దస్తగీర్ చాయ్ మొత్తం తాగాడు. సుగుణమ్మ వెళ్లిపోయేదాకా ఆగుదామనుకున్నాడు గానీ, ఆమె వెళ్లేలా లేదు.

"అమ్మా, చీర చివికిపోలే. నేనే కాల్చిన" అన్నాడు. నల్లటి ముక్క తీసి టీపాయ్ మీద పెట్టాడు.

నాగమణమ్మ దాన్ని చూసింది కానీ ముట్టుకోలేదు.

"ఎట్ల?"

"ఇస్త్రీ చేసుకుంట ఫోన్ చూస్తుంటి."

"ఏం చూస్తుంటివి?"

ఈ ప్రశ్న వస్తుందని అతను అనుకోలేదు.

"నిజాయితీగ ఎట్ల బతకాల్నో... ఒకాయన చెప్తుండె."

వంటగది గుమ్మంలో నిలబడ్డ స్రవ్య నవ్వబోయి, ఖాళీ గ్లాసులు తీయడానికి వచ్చిన అమ్మ రాజమణిని చూసి ఆగిపోయింది.

"మంచిగ చెప్తుండెనా?" అంది నాగమణమ్మ.

"మంచిగనే చెప్తుండె."

దస్తగీర్ కొత్త పట్టు తెచ్చిస్తానన్నాడు. "కొత్తది నాకెందుకు?" అంది. కోపంగా కూడా అనలేదు. కోప్పడనందుకే అతనికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తర్వాత నాగమణమ్మ బొడ్లోంచి తాళాలు తీసి, రాజమణి చేతికి అందే చోట టీపాయ్ అంచున పెట్టింది. "అన్నం తిన్నవా?" అని కోడలిని అడిగింది. పదహారు రోజుల్లో నేరుగా అడిగిన మొదటి మాట అదే.

రాజమణి తాళాలు తీసుకోలేదు. చేతులు చీరకొంగుకు తుడుచుకుంది.

"అత్తమ్మా, గోళీలు నేను నిజంగనే పెట్టలే. రెండేండ్ల సంది పెడుతలేను. పెట్టిన అని నీకు అబద్ధం చెప్పిన."

నాగమణమ్మ కోడలి వైపు, దర్జీ వైపు, అటుపైన సుగుణమ్మ వైపు చూసింది. సుగుణమ్మ ఏదో చెప్పడానికి నోరు తెరుస్తోంది.

"నువ్వు పో దస్తగీర్" అంది. "నువ్వు ఇంకింతసేపుంటే, ఎవరెవరు ఏమేం చెప్తరో."

ఇంటికి వచ్చాక సుగ్రా అడిగింది. "ఏమన్నది?"

"పొమ్మన్నది."

"కోపంగనా?"

దస్తగీర్ ఆలోచించాడు. "ఏమో. నాకు సమజ్ కాలే. నాకైతే ఆకలైతున్నది." రెండు వారాలుగా అన్నం సరిగా తినడం లేదని అతనికి అప్పుడే తెలిసింది.

బోనాలకు స్రవ్య ఏం కట్టుకుందో అతనికి తెలియదు. ఆ ఇంటినుంచి మూడు నెలలు ఎవరూ రాలేదు. దసరా ముందు రాజమణి రెండు జాకెట్టు ముక్కలు పట్టుకొని మెట్టెక్కింది. ఒకటి తనది, ఇంకొకటి నాగమణమ్మది.

"అత్తమ్మ ఎట్లున్నది బేటా?"

"మంచిగున్నది చాచా. నాతోని మాట్లాడుతున్నది." రాజమణి గుడ్డలు బల్ల మీద పెట్టింది. "మస్తు మాట్లాడుతున్నది."