బొట్టు పెట్టని పెళ్లి

గుడివాడ నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు కాంతారావు. లోపలికి రమ్మంటే రాలేదు, మంచినీళ్లిస్తే ముట్టలేదు. బందరులో, చిలకలపూడి వీధి మధ్యన నిలబడి సత్యవేణిని దొంగ అన్నాడు. అదీ ఎప్పుడు? పొద్దున పదింటప్పుడు, పన్నెండు మంది ఆడవాళ్లు అరుగు మీద కూచుని గొలుసులకు కొక్కేలు బిగిస్తున్న వేళ. ఇరవై రెండేళ్లుగా ఆవిడ దగ్గర రోల్డుగోల్డు సరుకు కొంటున్న మనిషి. పిన్నిగారూ అని తప్ప ఇంకోలా పిలిచి ఎరగడు. ఆ నోటితోనే అన్నాడు.

"మూడు లక్షలు పిన్నిగారూ! నా ఖాతాలోంచి ఎవడి ఖాతాలోకో పోయాయి. మీరు పంపిన శుభలేఖ తెరిచిన పాపానికి!"

"ఏం శుభలేఖ నాయనా?"

"మీ అమ్మాయి పెళ్లిది. ఈ-మెయిల్లో పంపలా? పైన మీ పేరే ఉందిగా!"

సత్యవేణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అపర్ణకు ఇరవై ఆరేళ్లు. ఆ పిల్లకు పెళ్లి కుదిరిన సంగతి కన్నతల్లికి తెలియకుండా గుడివాడ దాకా వెళ్లిందన్నమాట.

అపర్ణ బయటికొచ్చి, అతని చేతిలో కాగితం తీసుకుని చదివింది. ఇంగ్లీషులో రెండే ముక్కలు. పెళ్లికి రండి, కార్డు దీనికి జతచేశాను, తెరిచి చూడండి, అని. కింద సత్యవేణి పేరు.

"ఇది మేం పంపింది కాదన్నయ్యా. కవరు వెనకాల ఎవరి పేరైనా రాసి పోస్టు డబ్బాలో వెయ్యొచ్చు కదా, ఇదీ అంతే. ఆ కార్డులో కార్డు లేదు. తెరవగానే మీ కంప్యూటర్లో దొంగ దూరి కూచుంటాడు. మీరు బ్యాంకు పాస్‌వర్డు కొడుతుంటే చూసి రాసుకుంటాడు."

"ఈ రోల్డుగోల్డు కబుర్లు నాకు చెప్పకు!"

అప్పటిదాకా ఊరుకుంది సత్యవేణి. ఆ మాటకి మెట్టు దిగింది.

"కాంతారావూ, మేం గిల్టును గిల్టనే చెప్పి అమ్ముతాం. బంగారమని ఏనాడైనా ఒక్క పోగు అంటగట్టానా నీకు? చెప్పు!"

అతను సోమవారం లోపు నష్టంలో సగం భరిస్తానని కాగితం మీద సంతకం పెట్టాలన్నాడు. పెట్టకపోతే గుడివాడ నుంచి మోపిదేవి దాకా ఒక్క కొట్టువాడు కూడా ఆవిడ సరుకు ముట్టకుండా చేస్తానన్నాడు. బండెక్కి వెళ్లిపోయాడు. అరుగు మీద పన్నెండు జతల చేతులూ ఆగిపోయాయి. మరి ఆ పేరు పోతే ఆ చేతులకి పనేదీ?

సత్యవేణి భర్త కామేశ్వరరావు గారు పాపం నెమ్మదైన మనిషి. మున్సిపాలిటీలో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగిరీ చేసి, ఎవరితోనూ మాట పడకుండా బయటపడ్డాడు.

"సగమిచ్చి వదిలించుకుందామే. పెళ్లి కావాల్సిన పిల్ల. స్టేషన్లూ గొడవలూ మనకెందుకు?"

"సగమిస్తే సగం దొంగనని ఒప్పుకున్నట్టేగా! సగం దొంగని ఎక్కడైనా చూశారుటండీ మీరు?"

అపర్ణ తల వంచుకుని, తన పొరపాటూ ఒకటుందని చెప్పింది. కిందటి నెల కొత్త ధరల పట్టీని పదకొండు కొట్లకీ ఒకే మెయిల్లో, అందరి అడ్రసులూ అందరికీ కనబడేలా పంపింది. ఎవరి కంప్యూటర్లోనో ముందే ఆ చీడ పట్టి ఉంటుంది, అడ్రసులతో సహా ఆ పట్టీ దొంగల చేతిలో పడి ఉంటుంది.

"పడితే పడింది. అదీ చెబుదాం. దాచుకోడానికి మనమేం తప్పు చేశాం? ముందు అందరికీ ఫోను చెయ్యి, ఎవరూ తెరవొద్దని" అంది సత్యవేణి.

చేసింది. బంటుమిల్లి శోభనాద్రి అప్పటికే తెరిచాడు, నలభై వేలు పోయాయి. మోపిదేవిలో గుడి ముందు కొట్టున్న కోటిలింగం కూడా తెరిచాడు గానీ, ఆయనకి బ్యాంకంటే పాసుపుస్తకమే. ఆ కంప్యూటర్లో దొంగ ఎంతసేపు కాపు కాసినా ఏం చూస్తాడు, కోటిలింగం ఆడే పేకాట తప్ప?

ఇంతా చెబితే అవతల నుంచి "అలాగా" అన్నారే గానీ, ఆ గొంతుల్లో చల్లదనం సత్యవేణికి అర్థమైంది. కాంతారావు ముందే ఊదేశాడు. ఫోన్లో మాటకి మొహం ఉండదు కదా. మర్నాడు శనివారం. పొద్దున్నే తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె పట్టుకుని గుడివాడ బస్సెక్కింది.

తలుపు తీసింది కాంతారావు భార్య విజయకుమారి.

"బొట్టు పెట్టించుకో అమ్మా, పిలవడానికొచ్చాను."

"దేనికి పిన్నిగారూ?"

"సోమవారం పదింటికి, బందరు పోలీసు స్టేషనుకి."

విజయకుమారి పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. లోపల్నుంచి కాంతారావు కేక వేశాడు: "పెట్టించుకోకు!"

"నుదురు నాదండీ!" అని తిరిగి కేకేసింది, అప్పటికే నుదురు వంచిన విజయకుమారి.

సత్యవేణి బొట్టు పెట్టి, గుమ్మంలోంచే అడిగింది. "మా అక్క కూతురు పెళ్లికి రెండు బస్సులు మారి వచ్చి ఈ గుమ్మంలోనే పిలిచాను. ఔనా? నా కడుపున పుట్టిన పిల్ల పెళ్లికి కంప్యూటరు చేత పిలిపిస్తానా? బొట్టు పెట్టకుండా మా ఇంట్లో ఏనాడైనా పెళ్లయిందా?"

"మీరిలా పిలవరని నేను ఆ రోజే అన్నాను పిన్నిగారూ" అంది విజయకుమారి. "ఈయన విన్నారా?"

కాంతారావు బయటికొచ్చాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "కాలం మారిందేమో అనుకున్నాను. శుభలేఖ వస్తే తెరవకుండా పక్కన పడేయడం అపచారం కదా..." అన్నాడు, చాలా నెమ్మదిగా.

"సోమవారం రా" అంది సత్యవేణి.

అలా రెండు రోజులు తిరిగింది. గుడ్లవల్లేరులో దిగింది, బంటుమిల్లి వెళ్లింది, ఆదివారం దివిసీమ మొత్తం చుట్టింది. కాళ్లు దిమ్మల్లా వాచాయి. బొట్టు పెట్టి పిలిచిన మనిషిని కాదనడం ఆ వైపు ఎవరికీ చేతకాదు. మోపిదేవిలో కోటిలింగం మాత్రం, "నాది దమ్మిడీ పోలేదు కదమ్మా, నేనెందుకు?" అన్నాడు. "నా పేరు పోయింది కదయ్యా, అందుకు" అంది. ఆయనా వచ్చాడు.

సోమవారం పదింటికి స్టేషను వరండాలో పదకొండు మంది కొట్ల వాళ్లు, వాళ్ల వెనక ఆడవాళ్లు. చూడ్డానికి పెళ్లివారిలాగే ఉన్నారు. ఫిర్యాదులు రాసుకునే రైటరు చూసి హడలిపోయాడు.

"కంప్యూటరు కేసులు ఇక్కడ తేలవమ్మా. హైదరాబాదు వెళ్లాలి. ఆ డబ్బు రాదు కూడా."

"రాకపోతే పోనీ బాబూ, మీరైతే రాయండి. రాసేదాకా మేం కూచునుంటాం. మాకు పనేం లేదు, సరుకు కొనొద్దన్నారుగా!"

వరండా అంతా గొల్లున నవ్వింది. కాంతారావు తప్ప. రైటరు విసుక్కుంటూనే కాగితం తీశాడు. అపర్ణ తన పొరపాటుతో సహా జరిగిందంతా వరసగా చెప్పింది. ఆయన రాసి, పెన్ను ఎత్తి అడిగాడు.

"ఎక్కువ నష్టం ఎవరిది?"

"నాదండి" అన్నాడు కాంతారావు.

"ఎవరి మీద అనుమానం?"

అందరూ అతని వైపే చూశారు. విజయకుమారి మరీ చూసింది. అతను గొంతులోనే గొణిగాడు. "తెలియదండి. ఈవిడ మీద మాత్రం కాదు."

సత్యవేణి బల్ల మీద చెయ్యి పెట్టింది. "వినబడలేదు నాయనా. దొంగ అన్నప్పుడు చిలకలపూడి అంతా వినబడింది. ఇప్పుడూ అంత గట్టిగానే చెప్పాలి."

కాంతారావు చుట్టూ చూశాడు. దారి లేదు. మెడ నిక్కించి, రోడ్డు మీద రిక్షా వాళ్లు తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు. "సత్యవేణి గారు దొంగ కాదు! రాసుకోండి!"

"రాసుకున్నాను బాబూ, రాసుకున్నాను" అన్నాడు రైటరు చెవి మూసుకుంటూ.

"ఏం రాశారో ఓసారి చదివి వినిపించండి" అని, సత్యవేణి బెంచీ మీద సర్దుకుని కూచుంది.