జాస్మిన్ వైపు ఒరిగిన పడవ

పొద్దున్న ఏడింటికి లూయిస్ పడవ దరియాలతిప్ప రేవు నుంచి అవతలి లంకకి బయల్దేరుతుంది. పాలక్యాన్లు, సైకిళ్ళు, జనం. జాస్మిన్ లంకలో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పుతుంది. ఐదో నెల వచ్చిన దగ్గర్నుంచీ అత్తగారు ఆరోగ్యమ్మ కూడా, క్యారేజీ పట్టుకుని వెంట వెళ్తోంది. క్యారేజీలో రోజూ కొర్రమీను పులుసే. కడుపుతో ఉన్న పిల్లకి అంతకుమించిన బలం లేదని ఆవిడ నమ్మకం. కొడుకు జోయల్ పట్టుకొచ్చిన చేపల్లో మంచివి కోడలికి తీసి, మిగతావి కనకాలపేటలో అమ్మేది. తను మాత్రం పచ్చడి మెతుకులు తినేది.

ఆ సోమవారం జాస్మిన్ కూర్చోగానే పడవ ఆమె వైపు ఒరిగిపోయింది.

"వదినా, నువ్వు ఇటు రా," అన్నాడు లూయిస్.

ఆరోగ్యమ్మ భారీ మనిషి. ఎదురుగా వచ్చి కూర్చున్నా పడవ సర్దుకోలేదు. ఇంకో ముగ్గుర్ని ఆవిడ పక్కన కూర్చోబెడితే గానీ నిలవలేదు.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. లూయిస్ పడవ ఒంటి బరువు చూడదు, ఒంట్లో చేరిన విషం బరువు చూస్తుంది. రెండేళ్ళ కిందట, పాత బ్యాటరీలు కరిగించే షెడ్డులో పనిచేసే దుర్గాప్రసాద్ ఎక్కితే ఇలాగే ఒరిగింది. రక్తం చూపిస్తే సీసం చేరిందన్నారు.

"ఏం తింటన్నావమ్మా?" అడిగాడు లూయిస్.

జాస్మిన్ క్యారేజీ వంక చూసింది.

"ఆ బ్యాటరీ షెడ్ల ఎనకాల కాలవలో చేపలు," ఆరోగ్యమ్మే చెప్పింది. చేతిలో క్యారేజీ కింద పెట్టేసింది.

లూయిస్ పడవ వెనక్కి తిప్పాడు. పాలు ఆలస్యమైనా పాలవాళ్ళు కూడా సరేనన్నారు. ఆస్పత్రిలో జాస్మిన్ రక్తంలోనూ సీసమే తేలింది.

"మించిపోలేదు. ఆ చేపలు మానెయ్యండి. ఐరన్, కాల్షియం మాత్రలు మాత్రం మానొద్దు," అంది డాక్టరమ్మ.

"నా చేతుల్తో పెట్టానే," అంది ఆరోగ్యమ్మ ఇంటికొచ్చాక.

"మనిద్దరికీ తెలీదు కదత్తయ్యా. ఇప్పుడు తెలిసింది. మరి కనకాలపేటలో మన దగ్గర కొనేవాళ్ళకో?"

ఆరోగ్యమ్మ రాత్రంతా ఆ మాటే ఆలోచించింది. తెల్లారి గంప లేకుండా గడపగడపకీ వెళ్ళింది. "నేనిచ్చిన చేపలే. తినకండి. ఒక్కసారి లూయిస్ పడవెక్కి చూసుకోండి," అని చెప్పింది. కొందరు తిట్టారు. రమణమ్మ అయితే మొహం మీదే తలుపేసేసింది. జోయల్ మాత్రం తల్లిని ఒక్క మాటా అనకుండా వల సర్దుకుని, ఆ కాలవ వదిలేసి పెద్ద గోదావరికి పోయాడు.

పడవ ఒరిగినవాళ్ళ రక్తపరీక్ష కాగితాలన్నీ పట్టుకుని ఆవిడే కాలుష్య నియంత్రణ ఆఫీసు చుట్టూ తిరిగింది. చివరికి అధికారులు వచ్చి నీళ్ళు, చేపలు పరీక్షకి పట్టుకెళ్ళారు. షెడ్లకి తాళాలు పడ్డాయి. కాలవ బాగుపడ్డానికి మాత్రం ఏళ్ళు పడుతుందన్నారు.

నెలలు నిండి జాస్మిన్‌కి ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఏడుపుకి వార్డంతా తిరిగి చూసింది.

మూడోరోజు రమణమ్మ తన కూతురు తేజస్వినిని చెయ్యి పట్టుకుని వచ్చింది. వార్డు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"దీన్ని ఎక్కిస్తే పడవ ఒరిగిందక్కా. మందులు వాడాం. ఏదీ గుర్తుండని పిల్ల, ఇప్పుడు బళ్ళో పాఠాలు అప్పజెబుతోంది," అంది నేల చూస్తూ.

ఆరోగ్యమ్మ లేచి, చంటిదాన్ని తెచ్చి రమణమ్మ చేతుల్లో పెట్టింది.