ఎనిమిది మేకులు

నర్సింగానికి రిటైరయ్యాక మతి చెడిందని పూలమ్మ బోరింగు దగ్గర చెప్పిందట. రంపం తిరిగివ్వబోతే తీసుకోలేదట. "మా ఆయనే రావాల్నట! అదేమన్న బ్యాంకుల పెట్టిన బంగారమా?" అని నవ్విందట.

ఆ మాట చెవిన పడినా నర్సింగం ఎప్పటిలాగే పొద్దున్నే వసారా గోడ ముందు నిలబడి ఎనిమిది మేకులూ తడిమి చూసుకున్నాడు. పార, గొడ్డలి, సుత్తె, తాపీ. గోదావరిఖనిలో ఆ క్వార్టర్ల లైను లైనంతా ఇవి కొనుక్కోదు, ఇక్కడికే వస్తుంది. కిరాయి లేదు. తీసుకున్నవాడు తనదేదైనా ఆ మేకుకు తగిలించాలి, తనే తిరిగి తేవాలి. రంపం మేకుకు పూలమ్మ మొగుడు బిక్షం టోపీ వేలాడుతోంది.

డ్యూటీ దిగి బిక్షం రానే వచ్చాడు. "ఇగో అన్నా, నేనే వచ్చిన. బతికే ఉన్న, చూస్కో."

నర్సింగం నిజంగానే అతని ముఖం చూశాడు. తర్వాతే టోపీ ఇచ్చాడు.

ముప్పై ఏళ్లు నర్సింగం బొగ్గుబావి ల్యాంపు రూంలో చేశాడు. బావిలోకి దిగేవాడు ఇత్తడి బిళ్ళ ఇచ్చి ల్యాంపు తీసుకుంటాడు. కొక్కేనికి బిళ్ళ ఉంటే మనిషి లోపలున్నట్టు. ఒక సాయంత్రం ఒకడు రెండు ల్యాంపులు తెచ్చాడు. "ఎల్లన్నది ఆరిపోయింది. ఎనుకనే వస్తున్నడు." నర్సింగం రెండు బిళ్ళలూ ఇచ్చేశాడు. కొక్కెం ఖాళీ. ఇక ఎల్లన్న కోసం ఎవరు వెతుకుతారు? దమ్ము తీసుకుందామని పక్క దారిలో కూలబడ్డవాడు తెల్లారి చల్లబడి దొరికాడు, గోడకు ఆనుకునే.

ఆ మధ్యాహ్నం ముసురులో పంక్చర్ల ఇస్మాయిల్ వచ్చాడు, కుడిచేతికి కట్టుతో. "ఇంట్లకు నీళ్లొస్తున్నయ్ కాకా. పార పట్టరాకుంటున్నది."

"నేనొస్త పా."

పార తీసి, భుజం మీది ఎర్ర తువ్వాలను మేకుకు తగిలించాడు. మల్లక్క బియ్యం చెరుగుతూ మొగుణ్ని చూసి నవ్వింది.

"నీ పార నువ్వు తీస్కపోతే గూడ గిదేనా? ఎవలకు జవాబు చెప్పాలె?"

"నీకే."

ఇస్మాయిల్ ఇంటి వెనుక గంటసేపు కాలువ తీశాడు. నల్లగా పగిలిన వేళ్ల సందుల్లోంచి బురద కారింది. నీళ్లు రోడ్డు పట్టాయి. చాయ్ అడిగి, అరుగు మీద గోడకు ఆనుకున్నాడు. ఇస్మాయిల్ భార్య జహీరా చాయ్ తెచ్చేసరికి నర్సింగం గడ్డం ఎదమీదికి వాలి ఉంది. ఆమె రెండుసార్లు పిలిచింది.

మూడో రోజు ఇస్మాయిల్ పారను బురద చుక్క లేకుండా కడిగి తెచ్చాడు. నర్సింగం వసారాలో పరామర్శకొచ్చిన నలుగురూ కూర్చున్నారు. పారకు చోటు చేద్దామని బిక్షం లేచి తువ్వాల మీద చెయ్యి వేశాడు.

"ముట్టకు," అంది మల్లక్క లోపలినుంచి. "తీస్కపోయినోడే తేవాలె."

బిక్షం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పార ఇస్మాయిల్ చేతిలోనే ఉండిపోయింది. మేకుకు తువ్వాల, చెమట మరక ఆరి, అలాగే ఉంది.