ఎడమకు తిరిగిన చిక్కుడు తీగ

మొక్కల పరిశోధన సంస్థలో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఇంకెవరికీ పట్టలేదు. అందరికీ ఆవిడ భూతద్దమ్మ. భూతద్దం లేనిదే బొమ్మ చూడదు, చూశాక తప్పు పట్టనిదే వదలదు. చివర ‘అమ్మ’ చేర్చింది గౌరవం కొద్దీనో, మొదట్లో ఉన్న భూతాన్ని శాంతింపజేయడానికో ఆ పేరు పెట్టినవాళ్లకే తెలియాలి. ఎవరూ ఎదురుగా అనకపోయినా అది ఆవిడ చెవిన పడనే పడింది. పైకి విననట్టు ఊరుకుని లోపల మురిసిపోయింది.

ఆవిడ పని మొక్కల బొమ్మలు గీయడం. అంటే పూలగుత్తి గీసి గోడకు తగిలించుకునే సరదా కాదు. ఒక మొక్కను తీసుకుంటే దాని మొగ్గ, పువ్వు, కాయ, గింజ, ఆకు ముందువైపు, వెనకవైపు, కాడ మీది నూగు, అన్నీ ఒకే కాగితం మీదికి రావాలి. చాలా మొక్కల్లో మొగ్గ ఉన్న రోజుల్లో కాయ ఉండదు, కాయ ఎండే రోజులకు పువ్వు ఉండదు. అయినా చూసేవాళ్లకు అన్నీ కలిసే పెరిగాయనిపించాలి, ఏదీ ఇంకోదాని మీద పడకూడదు. చిన్న ఇంట్లో పెద్ద కుటుంబాన్ని సర్దినట్టే. ఇక కూరగాయలైతే మరీ తొందరపెడతాయి. వంకాయను అడ్డంగా కోస్తే ఆ ముక్క నల్లబడేలోగా రంగు కలిపి తీరాలి. కోసిన టమాటాను మర్నాడు గీస్తే అది వేరే టమాటాను గీసినట్టే లెక్కని ఆవిడ వాదన.

ఈ విద్యంతా కోడలికి నేర్పింది. నేర్పడమంటే, కోడలు గీసేది, అత్తగారు దిద్దేది. "ఈ ఈనెలు లెక్కపెట్టావా, ఊహించావా?" "ఈ కాడకి నూగేదీ, గొరిగేశావా?" ఆ పిల్ల ఇచ్చిన ప్రతి బొమ్మా ఎర్ర పెన్సిలు గీతలతో దద్దుర్లు లేచినట్టు తిరిగొచ్చేది. కోడలు మొహం చిన్నబుచ్చుకుంటే కొడుకు ఓదార్చేవాడు. "ఊరుకో, నా చిన్నప్పుడు మా అమ్మ నా పుట్టుమచ్చని కూడా దిద్దబోయింది."

ఇప్పుడు భూతద్దమ్మ రిటైరవుతోంది. ఆ కుర్చీ తనకు రావాలని కోడలి కోరిక. అంతవరకు ఆ పిల్ల ఒక విత్తనాల కంపెనీకి పొట్లాల మీద బొమ్మలు వేసేది. అక్కడ టమాటా ఎంత ఎర్రగా ఉంటే అంత మంచిది, అసలు టమాటా ఎలా ఉంటుందో ఎవరికీ అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు గీయమనే చోటు ఊరంతటికీ సంస్థలో అత్తగారు కూర్చునే మేడ మీది గది ఒక్కటే. ఆ కుర్చీలో కోడలే కూర్చోవాలని అత్తగారికీ ఉంది, కానీ పైకంటే పిల్లకు పొగరెక్కుతుందని భయం.

డైరెక్టరు గారు ఒక చిక్కుడు తీగ గీసి చూపించమన్నారు. చిక్కుడే ఎందుకంటే, సంస్థ వేసిన పెద్ద పుస్తకం అట్ట మీద భూతద్దమ్మ గీసిన చిక్కుడు తీగ ఉంది. అట్ట మీదే కాదు, గేటు బోర్డు మీదా, టీ కప్పుల మీదా, డైరెక్టరు గారి విజిటింగ్ కార్డు మీదా అదే పాకుతోంది. డైరెక్టరు గారు చదువుకున్నది నేలల గురించి. మొక్కలు నేల మీద ఉంటాయన్నంత వరకు ఆయనకు వాటితో పరిచయం.

కోడలు తెచ్చిన బొమ్మను ఆయన పుస్తకం పక్కన పెట్టి అటూ ఇటూ చూశారు. చూస్తూ చూస్తూ మొహం చిట్లించారు.

"ఇదేంటమ్మా, తీగ ఇటు తిరిగింది? మీ అత్తగారి తీగ కర్ర చుట్టూ ఎడమకి ఎక్కుతోంది. నీది కుడికి పోతోంది. అసలు సంగతే తప్పు గీస్తే ఎలా?"

కోడలు తల వంచుకుంది.

"మీరే చెప్పండి మేడమ్," అన్నారాయన భూతద్దమ్మ వైపు తిరిగి. "మీ కోడలు కదా అని చూసీ చూడనట్టు పోతే రేపు నలుగురూ నన్నంటారు."

భూతద్దమ్మ కోడల్ని మందలించడానికే ముందుకు వంగింది. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. చిక్కుడు ఏ కర్రకు పాకినా కుడికే ఎక్కుతుంది. విత్తనం ఎవరిదైనా, కర్ర ఎవరు పాతినా అంతే. కోడలి తీగ కుడికి ఎక్కుతోంది. అట్ట మీది తీగ ఎడమకు ఎక్కుతోంది.

ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఆవిడకు ఆట్టే సేపు పట్టలేదు. ముందు పల్చటి ట్రేసింగ్ కాగితం మీద గీసుకుని, తర్వాత దాన్ని మందపాటి కాగితం మీద పరిచి రుద్ది ఎక్కించడం ఆవిడ పద్ధతి. పల్చటి కాగితానికి ముందేదో వెనకేదో తెలియదు, రెండువైపులా గీత కనపడుతుంది. దాన్ని తిరగేసి పరిచింది. ఆకులు ఎటు తిరిగినా ఆకులే, కాయలు ఎటు వంగినా కాయలే. గుట్టు బయటపెట్టేది ఒక్క తీగ మెలిక. ఇంకెవరి బొమ్మలోనైనా అది కనపడి ఉంటే ఆఫీసంతా వినపడేలా దులిపేసి ఉండేది. సొంత బొమ్మ కాబట్టి భూతద్దం పెట్టలేదు.

ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది. పక్కన కోడలు ఇంకా తల ఎత్తలేదు.

"సార్, తప్పు అమ్మాయిది కాదు, నాది," అంది. "నేనే తిరగేసి గీశాను. చిక్కుడు కుడికే ఎక్కుతుంది."

డైరెక్టరు గారు ఆవిడ వైపు తిరిగారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"అత్తాకోడళ్లంటే ఎడమొహం పెడమొహం అనే ఇన్నాళ్లూ అనుకున్నాను మేడమ్. మా ఇంట్లో అంతే. కోడలి కోసం మీ పేరు మీరే పాడుచేసుకుంటానంటున్నారే! మా అమ్మని తీసుకొచ్చి మీ దగ్గర కూర్చోబెట్టాలి."

"అయ్యో, అమ్మాయి కోసం కాదండీ, నిజం చెప్తున్నాను!"

"మీరు తప్పు గీశారంటే నేను నమ్మాలా? ఎవరికైనా చెప్పండి, నవ్విపోతారు."

ఇక మాటలతో లాభం లేదని ఆవిడ ఆయన్ని మెట్లు దింపి తోటలోకి తీసుకెళ్లింది. అక్కడ వరసగా పాతిన కర్రలకు చిక్కుడు తీగలు పాకి ఉన్నాయి. ఒక్కటి కూడా మొహమాటపడలేదు. అన్నీ కుడికే ఎక్కాయి. డైరెక్టరు గారు జేబులోంచి విజిటింగ్ కార్డు తీసి, తీగ పక్కన పెట్టి పోల్చి చూశారు. మొహం ఎర్రబడింది. తోటమాలిని కేకేశారు.

"వీటినిలా ఎవరు చుట్టారు?"

"ఎవరూ చుట్టలేదు సార్. వాటంతట అవే చుట్టుకున్నాయి," అన్నాడు తోటమాలి.

"అదే నేననేది! అడిగేవాడు లేక ఇష్టమొచ్చినట్టు పాకుతున్నాయి. అన్నీ విప్పి ఎడమకి చుట్టి దారంతో కట్టు. రేపు జనం వచ్చి పుస్తకం ఒకలా, తోట ఒకలా ఉందంటే పోయేది మేడమ్ గారి పరువు."

తోటమాలి తల గోక్కుంటూ దారం కోసం వెళ్లాడు. తప్పు చేయని మనిషన్న పేరు తెచ్చుకోవడానికి భూతద్దమ్మకు ఉద్యోగమంతా పట్టింది. దాన్ని పోగొట్టుకోవడం అంతకన్నా కష్టమని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

కోపం చల్లారాక డైరెక్టరు గారు ఒక మెట్టు దిగారు. "మీ పెద్ద మనసు చూసి ఇంకో అవకాశం ఇస్తున్నాను. మీ బొమ్మలాగే ఎడమకి గీసి తెమ్మనండి. కింద ‘సరిచూశాను’ అని మీరు సంతకం పెట్టండి. కుర్చీ ఆ అమ్మాయిదే. లేదంటే బయటివాళ్లని తీసుకుంటాను."

మేడ మీది గదికి వచ్చాక అత్తాకోడళ్లు ఇద్దరే మిగిలారు.

"అట్ట మీద ఎడమకుందని తెలిసీ కుడికెందుకు గీశావు?" అని అడిగింది భూతద్దమ్మ.

"మొక్క ఎలా ఉంటే అలా గీయమని మీరే కదా అత్తయ్యా నేర్పారు."

"అంత తెలిసినదానివి నాకు ముందే చెప్పొచ్చుగా."

"చెప్పాను. ఆ రోజు మీరు ట్రేసింగ్ కాగితం పరుస్తుంటే, తిరగబడిందేమో చూడండి అన్నాను. ముందు నీ కాయ మీద నూగు సంగతి చూసుకో అన్నారు."

కోడలు ఏదో అన్నట్టూ, తను కసిరినట్టూ ఆవిడకు లీలగా గుర్తొచ్చింది. ఏమందో మాత్రం వినలేదు. విన్నా నమ్మేది కాదు. ఇందాకటి నుంచీ డైరెక్టరు గారిని మనసులో తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే వెనక్కొచ్చి ఆవిడకే తగిలాయి.

"పుస్తకం మళ్లీ అచ్చు వేయమని రేపు గొడవ చేస్తాను," అంది.

"ఏం లాభం? మీ మనసు ఇంకా పెద్దదంటారు." కోడలు నవ్వబోయి ఊరుకుంది. "నాకా కుర్చీ కావాలి అత్తయ్యా. పొట్లాల మీద ఎర్రరంగు పూసి పూసి విసుగొచ్చింది. కూర్చున్నాక ప్రతి బొమ్మా సరిగ్గా గీస్తాను. ఈ ఒక్కటీ పోనివ్వండి."

మర్నాడు పొద్దున్న భూతద్దమ్మ తోట మీదుగా వెళ్లింది. దారం కట్టిన చోట్లన్నీ తీగలు ఎడమకే ఉన్నాయి. కట్లు దాటిన కొసలు మాత్రం అప్పుడే కుడికి మళ్లాయి. "రోజూ నాకిదే పనిలా ఉందండీ," అన్నాడు తోటమాలి, వాటిని విప్పుతూ. ఆవిడకు ఆ కొసల మీద అసూయ కలిగింది.

మధ్యాహ్నానికల్లా కోడలు బొమ్మ తెచ్చి బల్ల మీద పెట్టింది. భూతద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని భూతద్దం పట్టుకుంది. తీగ నిక్షేపంగా ఎడమకు ఎక్కుతోంది. కాయ అంచు గరుకు, కిందికి దిగేకొద్దీ పలచబడే పువ్వు ఊదారంగు, ఆకు ఈనెలు, కాడ నూగు, అన్నీ ఎలా ఉండాలో అలా ఉన్నాయి. ఎర్ర పెన్సిలు చేతిలోనే ఉండిపోయింది. మెలిక తప్ప ఎక్కడా తప్పు లేదు. ఆ మెలిక తనదే.

"ఇంత త్వరగా ఎలా గీశావు?"

"మొదటి బొమ్మనే కిటికీ అద్దానికి ఆనించి వెనకవైపు గీశానండి. ఎండకి గీతలన్నీ ఇటు కనపడ్డాయి."

భూతద్దమ్మ కాగితం తిరగేసింది. వెనక మొదటి బొమ్మ అలాగే ఉంది. చిక్కుడు తీగ కుడికి ఎక్కుతోంది. ఆవిడ భూతద్దం పక్కన పెట్టేసి ఉత్త కళ్లతో చాలాసేపు చూసింది.

"బాగుంది," అంది.

కోడలు ఉలిక్కిపడి చూసింది. "ఏది అత్తయ్యా?"

"ఇది. చాలా బాగుంది."

తర్వాత కాగితాన్ని మళ్లీ తిరగేసి, ఎడమకు ఎక్కిన తీగ కింద ‘సరిచూశాను’ అని రాసి సంతకం పెట్టింది.