కాలు జారిన పిల్ల

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి ఎసట్లో బియ్యం పోస్తున్న ప్రిస్కిల్లాకి, పెరట్లోంచి పక్కింటి గున్నమ్మ గొంతు వినిపించింది.

"ఒసే కాంతం, నీ కూతురు కాలు జారిందట గదే! కొండ మీంచి కిందికంటా జారిందట!"

గోడవతల ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. అమ్మ నవ్వలేదు.

కాలేజీ ఎన్‌సీసీ తరఫున మనాలి వెళ్ళి, పదిహేను రోజులు స్కీయింగ్ నేర్చుకొచ్చింది ప్రిస్కిల్లా. దానికి తెలుగు మాట తోచక "మంచు మీద జారడం" అని నాన్నకి తనే చెప్పింది. అదే ఆమె చేసిన తప్పు. మగపిల్లాడు జారితే మోకాలు చూస్తారు. ఆడపిల్ల జారిందంటే ఊరు ఇంకేదో వెతుకుతుంది.

నిజానికి అక్కడెవరూ జారడం నేర్పలేదు. ఆ పని వాలు చూసుకుంటుంది. కాళ్ళకి బిగించుకున్న పొడవాటి బద్దల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పెట్టి వేగం తగ్గించడం నేర్పారు. ఎడమకి తిరగాలంటే బరువు కుడికాలి మీద వేయాలి. ఆ బద్ద లోపలి అంచు మంచులోకి దిగితే మనిషి తిరుగుతుంది. భయపడి కొండ వైపు వెనక్కి వాలితే అంచు పట్టు వదిలేస్తుంది. నారుకట్ట నెత్తిన పెట్టుకుని బురదగట్టు మీద నడిచే అమ్మ, పాదం లోపలి అంచు నొక్కి అడుగేస్తుంది. ఆ నడకే తలచుకుని ప్రిస్కిల్లా మూడోరోజుకే మలుపు తిరిగింది. అన్న బెన్హర్ మొన్న బైకు తిప్పబోయి కాలవలో పడ్డాడు. వాడు కాలు జారాడని ఎవరూ అనలేదు.

రెండో శిక్షణకి పిలుపొచ్చింది. ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటూ సంతకం పెట్టిన కాగితం రేపటికల్లా కాలేజీలో ఇవ్వాలి. అన్నాల దగ్గర అడిగింది.

"గంజి వార్చడం రాదు గానీ, మళ్ళీ జారతాదట," అన్నాడు బెన్హర్.

"సర్చిలో నలుగురూ నవ్వుతన్నారు. ఇంక సాలు," అన్నాడు నాన్న జీవరత్నం.

"జారడం కాదు నాన్నా, ఆగడం నేర్పినారు. ఎంత వాలైనా నాకు కావాల్సిన కాడ ఆగగలను."

"ఆ పులుసు ఇలా ఎయ్యి."

వేసింది. వంటింట్లోకి వచ్చి, చింపేద్దామని కాగితం తీసింది. సంతకం పెట్టే చోట రెండు గడులున్నాయి. బడిలో చేరిన నాటి నుంచీ ఏ కాగితమైనా మొదటి గడిలో తండ్రి అన్న మాట చూసి నాన్న దగ్గరికే తీసుకెళ్ళింది.

"అమ్మా, పక్కన తల్లి అని కూడా ఉన్నాది. ఎవరు ఎట్టినా సాలట."

గిన్నె తోముతున్న కాంతం చేతులు ఆగాయి. "ఇన్నాళ్ళూ ఉన్నాదేటి?"

"ఉన్నాది. మనమే సూడలేదు."

కాంతం చేతులు కడుక్కుంది. ముందుగదిలోకి వెళ్ళి, మేకుకి వేలాడుతున్న మొగుడి చొక్కా జేబులోంచి పెన్ను తీసింది.

"ఏటే అది? వద్దని సెప్పినాను గదా!"

"నువ్వు సెప్పింది నీ గడికి," అంది కాంతం, నేల మీద కాగితం పరుచుకుంటూ. "ఇది నా గడి."