ఎండుకొమ్మకు నీళ్లు

ఇరవై రెండేళ్లుగా మా చర్చి బలిపీఠం మీద పూలు పెట్టేది నేనే. క్రిస్మస్‌కు పచ్చని ఆకుల దండలు, మట్టల ఆదివారానికి మట్టలు, ఈస్టర్‌కు తెల్ల లిల్లీలు. ఇంత బాగా ఇంకెవరూ చేయలేరు. ఈ మాట నేను చెప్పుకోకూడదు, కానీ వేరెవరూ చెప్పడం లేదు.

కొత్తగా వచ్చిన అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఈ ఏడు ఒక నియమం పెట్టారు. ఈస్టర్‌కు ముందు నలభై శ్రమల దినాల్లో బలిపీఠం మీద ఒక్క పువ్వు కూడా కనపడకూడదు. జాడీలో ఎండుకొమ్మ ఒకటి, అంతే.

"పువ్వు కనపడిందంటే ఈస్టర్ అలంకరణ వేరేవాళ్లకి ఇచ్చేస్తానమ్మా," అన్నారు నవ్వుతూ.

ఆ వేరేవాళ్లు ఎవరో నాకు తెలుసు. మా తోడికోడలు. బలిపీఠం వెనక పాటల బృందంలో నిలబడుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, నా పని మీద ఆమెకు ఎప్పటినుంచో కన్నుంది.

ప్రహరీ పక్కన తోటమాలి కత్తిరించి పడేసిన పీచ్ పళ్లచెట్టు కొమ్మల్లోంచి ఒకటి ఏరి ఇత్తడి జాడీలో నిలబెట్టాను. చూస్తే పొయ్యిలోకి తప్ప దేనికీ పనికొచ్చేలా లేదు. అయ్యగారు మురిసిపోయారు. ప్రతి శనివారం వెళ్లి దుమ్ము తుడిచి, జాడీలో నీళ్లు మార్చి వచ్చేదాన్ని. ఎండుకొమ్మకు నీళ్లెందుకని మీరు అడగొచ్చు. ఇరవై రెండేళ్ల అలవాటు, చెయ్యి నన్నడిగి పోయలేదు.

మూడో శనివారానికి కొమ్మ మీద గులాబీరంగు మొగ్గలు. నా పైప్రాణాలు పైనే పోయాయి. గబగబా గిల్లి చేతిరుమాల్లో మూటకట్టాను. నీళ్లు పారబోశాను గానీ అది అప్పటికే తాగాల్సినంత తాగేసింది. ఇక రోజూ పొద్దున్నే ప్రార్థన వంకతో వెళ్లి గిల్లడమే పని. వెనకవైపు నాకు చెయ్యి అందదు. అటు మొగ్గలెందుకు రాలేదో ఆలోచించే తీరిక లేకపోయింది. అయ్యగారు నా భక్తిని ప్రసంగంలో రెండుసార్లు మెచ్చుకున్నారు. దేవుడికి మాత్రం నిజం చెప్పుకున్నాను.

ఈస్టర్ ముందురోజు మధ్యాహ్నం ఇంట్లో పెంచిన లిల్లీ కుండీలు ఎనిమిదీ మోసుకెళ్లాను. ఒక్కటీ విచ్చుకోలేదు. అన్నీ పచ్చగా బిగుసుకుని ఉన్నాయి. లోపల జాడీ వెనక మా తోడికోడలు, గుప్పిట్లో మొగ్గలు.

"దొరికావు. అయ్యగారికి చూపించడానికేగా?" అన్నాను.

"చూపించాలంటే మూడువారాల కిందటే చూపించేదాన్నక్కా. వెనకవైపు మొగ్గలు ఎవరు గిల్లుతున్నారనుకున్నారు?"

ఇన్నేళ్లు అనుమానించినందుకు సిగ్గేసింది. "నా కోసం ఇంత చేశావా?" అన్నాను.

"ఈ పని పోతే మీరు రోజంతా ఇంట్లోనే ఉంటారక్కా. కాలు బెణికి వారం రోజులు ఉన్నప్పుడు వంటింట్లో డబ్బాలు నాలుగుసార్లు సర్దారు. ఆ ఉప్పు డబ్బా ఇప్పటికీ దొరకలేదు."

బాధేసింది. చాలా బాధేసింది. డబ్బాలు సర్దిన మాట నిజం కాబట్టి ఇంకా ఎక్కువ బాధేసింది.

ఇద్దరం కొమ్మ వంక చూశాం. పువ్వు కావలసిన రోజుకి ఒక్కటీ మిగల్చకుండా దిగ్విజయంగా గిల్లేశాం. ఆమె గుప్పిట విప్పింది. ఏడు మొగ్గలు. సాసరులో నీళ్లు పోసి బలిపీఠం మీద పెట్టాం.

ఆదివారం పొద్దున లిల్లీలు అలాగే ఉన్నాయి గానీ, సాసరులో గోరంత పూలు ఏడు విచ్చుకున్నాయి.

"ఆ ఎండుకొమ్మవేనా?" అన్నారు అయ్యగారు. సాసరు మీదికి వంగి చూశారు.

"అక్క నీళ్లు పోసిందండీ," అంది మా తోడికోడలు. అబద్ధం కాదు.

"అయితే ఇకనుంచి మీరిద్దరూ కలిసే చేయండమ్మా," అన్నారాయన. సంఘమంతా ఆమేన్ అంది. మా తోడికోడలు ఒక్కతే అనలేదు. నన్ను ఇంట్లో తప్పించుకోవడానికి అన్ని రోజులు పాట్లు పడితే, చర్చిలో కూడా నేనే తగులుకున్నాను.

తర్వాతి శనివారం ఆమె కూడా నాతో వచ్చింది. ఒక కుండీని కాస్త ఎడమకు జరిపింది. నేను యథాస్థానానికి జరిపాను. ఆమె మళ్లీ జరిపింది. నిజానికి అక్కడే బాగుంది. ఆ మాట నేను ఆమెతో అనలేదు, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకున్నాను.

"ఉప్పు పై అరలో, పాత గిన్నెల వెనక ఉంది," అన్నాను.